చలనమును గుర్తించు కెమెరా : చిత్రముల స్వయంప్రేషణము

తన దృష్టిపథమున ఏదేని కదలిక కలిగినంతనే ఛాయాచిత్రమును గ్రహించి, మనుష్యుని చేయి సోకకయే దానిని దూరముననున్న మరియొక భాండారమునకు చేరవేయునట్లు కెమెరాను సిద్ధపరచు విధానము ఈ వ్యాసమునకు విషయము. ఇందు రెండు పనులు ఇమిడియున్నవి: గుర్తించుట యొకటి, పంపుట యొకటి. అమ్మువారును కొనువారును మొదటిదానిని గూర్చియే ముచ్చటింతురు. రెండవదానికి పెట్టెతో వచ్చిన చిన్నపుస్తకములో అరపుట చోటు దక్కిన అదియే పదివేలు. కాని దొంగ పోవుచు పోవుచు కెమెరానే ఊడబెరికికొని పోయినను, వాననీరు చొచ్చి మెమరీ కార్డు చెడినను, గుర్తించుటయందలి నైపుణ్యమంతయు వ్యర్థమగును. చిత్రము రెండవచోటికి చేరినదని ఆ రెండవచోటు తెలియజెప్పువరకు దానిని దక్కినదిగా భావింపరాదనునది ఈ వ్యవస్థకంతకును మూలసూత్రము. తక్కిన వివరములు పెక్కు దీనినుండియే పుట్టుచున్నవి.

చరిత్ర : జంతువు తన చిత్రమును తానే తీసికొనునట్లు చేయవలెనను యత్నము ఒక శతాబ్దికి పైబడిన నాటిది. అమెరికాలోని మిషిగన్ ప్రాంతపు అడవులలో మూడవ జార్జి షైరాస్ అను న్యాయవాది, జంతువులు నడచు త్రోవకు అడ్డముగా తీగ కట్టి, లేడి దానిని తాకినంతనే మెరుపుదీపము వెలిగి కెమెరా కన్ను తెరచుకొనునట్లు అమర్చి తీసినవియు, రాత్రివేళ పడవలో దీపముతో పోయి తీసినవియు చేరియున్న 74 చిత్రములు నేషనల్ జియోగ్రాఫిక్ పత్రిక 1906 జూలై సంచికలో వెలువడినవి. భారతదేశమున ఆ పద్ధతికి ఆద్యుడని చెప్పదగినవాడు ఎఫ్. డబ్ల్యు. ఛాంపియన్. నాటి సంయుక్త పరగణాల అటవీశాఖలో ఉద్యోగియై, తుపాకిని విడిచి కెమెరాను చేపట్టి, పులులు నడచు బాటలలో తీగలు పరచి ఆయన తీసిన చిత్రములు 1927లో గ్రంథరూపమున ప్రకటింపబడినవి. 1990 దశకమున వన్యప్రాణి శాస్త్రజ్ఞుడు ఉల్లాస్ కారంత్ నాగరహోళె అడవులలో, ఏ రెండు పులుల చారలును ఒక్కటి కావను సత్యమును ఆధారముగా గొని, కెమెరాకు చిక్కిన పులులను వేర్వేరుగా పోల్చి, గణితపద్ధతిచే వాని సంఖ్యను అంచనా కట్టుటతో, అడుగుజాడలను బట్టి లెక్కించు పాత ఆచారము క్రమముగా వెనుకబడినది. 2018వ సంవత్సరపు జాతీయ గణనమున 141 ప్రదేశములలో 26,838 తావులందు కెమెరాలు నిలుపగా 3,48,58,623 వన్యప్రాణి చిత్రములు లభించినవి; అందు పులులవి 76,651, చిరుతలవి 51,777. అంతటి విస్తృతమైన కెమెరా సర్వే అంతకుముందు లోకమున ఎచ్చటను జరుగలేదని గిన్నిస్ గ్రంథము నమోదు చేసినది. రెండు చదరపు కిలోమీటర్లకు ఒక జత చొప్పున, బాటకు ఇరువైపుల ఎదురెదురుగా కెమెరాలను కట్టుట ఆ సర్వే పద్ధతి. ఏలయన పులి ఎడమడొక్క మీది చారలు కుడిడొక్క మీది చారలను పోలవు, ఒక ప్రక్క చిత్రమే దొరికినచో ఒక పులి రెండుగా లెక్కకు వచ్చు ప్రమాదము కలదు.

ఇంతటి చిత్రరాశియు చాలవరకు మనుష్యులు అడవిలోనికి నడచిపోయి, కార్డులు మార్చి, సంచిలో వేసికొని తెచ్చినదే. నల్లమలలో, అడవిదారులను పుట్టుకతో ఎరిగిన చెంచులు అటవీశాఖకు కావలివారుగా పనిచేయు నాగార్జునసాగర్–శ్రీశైలము పులుల అభయారణ్యమునందు, సెల్ టవరు సంకేతమందని లోయలు అనేకములు. అచ్చట కార్డు చేతికి వచ్చుటయే అప్‌లోడు. గణనమునకు ఈ ఆలస్యమువలన హాని లేదు. ప్రాణరక్షణ విషయమైనచో కథ మారును. 2023 ఆగస్టులో అలిపిరి నుండి తిరుమలకు పోవు కాలిబాటపై చిరుత వాతబడి ఒక బాలిక మరణించిన పిదప, ఆ బాట పొడవున కెమెరాలను కట్టి అటవీశాఖవారు చిరుతల సంచారమును కనిపెట్టసాగిరి. అట్టిచోట నిన్నటి చిత్రము నిన్నటి చిరుతను మాత్రమే చూపగలదు. మెట్లదారిలో పిల్లలతో నడచు భక్తులను ఆపవలెనన్నచో చిత్రము నిమిషములలో ఉద్యోగి చేతిలోని ఫోనుకు రావలెను. ఈ యవసరమును గుర్తించియే, మధ్యప్రదేశములోని కాన్హా–పెంచ్ అడవులలో నెలకొల్పిన ట్రైల్‌గార్డ్ అను కెమెరా, తీసిన చిత్రమును తనలోనే పరిశీలించి, అందున్నది పులియో మనుష్యుడో నిర్ణయించుకొని, పనికివచ్చు చిత్రమును మాత్రము సెల్ జాలము ద్వారా అరనిమిషములో పంపునట్లు నిర్మింపబడినది.

పంపుట యనుదానికి వేరొక వంశవృక్షము కలదు. కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయపు కంప్యూటరు ప్రయోగశాలలో, భవనపు ఇతర భాగములవారు కాఫీకై మెట్లమీదుగా వచ్చి ఖాళీపాత్రను చూచి మరలిపోవలసివచ్చుచుండగా, 1991లో ఆ పాత్రకు ఎదురుగా ఒక కెమెరాను నిలిపి, దాని బూడిదవన్నె చిత్రమును అందరి యంత్రములకును అందజేసిరి. 1993 నవంబరులో ఆ చిత్రము వెబ్‌కు ఎక్కి లోకమంతటికి కనబడసాగినది. 2001 ఆగస్టు 22న ఆ కెమెరాను ఆపివేసిరి. అది కదలికను గుర్తింపలేదు, కేవలము పంపినది. షైరాస్ తీగ గుర్తించినది, పంపలేదు. ఈ రెండింటి సంయోగమే నేటి మన వస్తువు.

గుర్తించు విధములు : ఒకటి ఉష్ణమును బట్టి గుర్తించుట. ప్రాణిదేహము వెదజల్లు పరారుణ కిరణముల తరంగదైర్ఘ్యము 9, 10 మైక్రోమీటర్ల దాపున అధికతమము. అట్టి కిరణములు సోకినప్పుడు విద్యుదావేశమును చూపు స్ఫటికములు రెంటిని ప్రక్కప్రక్కన ఉంచి, ముందు గళ్లగళ్ల ప్లాస్టిక్ కటకమును బిగింతురు. దేహము కదలి ఒక స్ఫటికము నుండి రెండవదాని వంకకు జరిగినంతనే ఆ రెంటి నడుమ భేదము పుట్టును. ఆ భేదమే కెమెరాను మేల్కొల్పును. అంతవరకు కెమెరా నిద్రించుచుండును గనుక నాలుగు బ్యాటరీలు నెలల తరబడి చాలును. అడవి కెమెరాలన్నియు దాదాపు ఈ జాతివే. కాని పరిసరముల వేడి దేహపు వేడికి సమీపించినకొలది ఈ భేదము సన్నగిల్లును. రోహిణీకార్తె మధ్యాహ్నమున రెంటచింతలలో గాని రామగుండములో గాని, గోడయు నేలయు మనుష్యుని చర్మమంత వేడెక్కియున్న సమయమున, ఎదుట నడచిపోవు మనుష్యునే ఈ యంత్రము ఎరుగక ఊరకుండుట కద్దు. ఎండాకాలమున పరీక్షింపని కెమెరాను తెలుగునాట నమ్మరాదని చెప్పుట అతిశయోక్తి కాదు.

రెండవది చిత్రముతో చిత్రమును పోల్చుట. కెమెరా ఎడతెగక చూచుచుండగా, దానికి కట్టిన చిన్న కంప్యూటరు వెనుకటి చిత్రములతో ఇప్పటి చిత్రమును చుక్క చుక్కకు సరిచూచి, మారిన చుక్కల సంఖ్య ఒక హద్దును మించినచో కదలికయని నిర్ణయించును. లినక్స్‌పై పనిచేయు మోషన్ అను ఉచిత ప్రోగ్రాము ఈ పద్ధతికి ప్రసిద్ధమైన ఉదాహరణము. 2012 ఫిబ్రవరి 29న విక్రయమునకు వచ్చిన రాస్‌బెరీ పై అను అరచేతి కంప్యూటరుతో ఇది జతకూడినది మొదలు, ఇంటికావలికిని పొలముకావలికిని ఔత్సాహికులు ఎక్కువగా ఎన్నుకొను కూర్పు ఇదియే యైనది. కావున ఈ వ్యాసమున దీనినే ప్రధానముగా గ్రహించితిమి.

ఇందు కొత్తవారు తరచుగా పొరబడు తావు ఒకటి కలదు. మోషన్ తనంతట పెట్టుకొన్న హద్దు 1,500 చుక్కలు. వెడల్పున 640, ఎత్తున 480 చుక్కలు గల చిత్రమున మొత్తము 3,07,200 చుక్కలుండును. అందు 1,500 అనగా సుమారు నూటికి అరవంతు. స్పష్టతకొరకు చిత్రమును 1280, 720 చుక్కలకు పెంచినచో మొత్తము 9,21,600 అగును గాని హద్దు మాత్రము 1,500 దగ్గరనే నిలిచిపోవును. అప్పుడది నూటికి ఆరవ వంతుకన్న తక్కువ. నిన్నటి దాక ఊరకున్న వేపరెమ్మ నేడు అకస్మాత్తుగా నేరస్థురాలగును. చిత్రమును పెంచినప్పుడెల్ల హద్దునుగూడ అదే నిష్పత్తిలో పెంచవలెనని తెలియక, కెమెరాయే చెడినదని మార్చినవారు పలువురు.

ఆకులు, జెండాలు, ఆరవేసిన చీరెలు, ఎదుటి వీధిలో పోవు వాహనముల దీపములు, ఇవి కావలసిన కదలికలు కావు. వీనిని తొలగించుటకై చిత్రమంత పరిమాణము గల ఒక నలుపుతెలుపు ముసుగును సిద్ధముచేసి ఇచ్చినచో, నల్లని తావులందు ఏమి కదలినను ప్రోగ్రాము లెక్కగొనదు. మబ్బు తొలగి ఎండ కాసినప్పుడును, దీపము వెలిగినప్పుడును చిత్రమంతయు ఒక్కసారిగా మారును. అట్టి మార్పును ఉపేక్షించుటకు వేరొక యేర్పాటు కలదు. రాత్రి కావలికి పరారుణ దీపములను వాడుదురు. 850 నానోమీటర్ల దీపము దూరము ప్రసరించును గాని దగ్గర నుండి చూచువారికి మందమైన ఎర్రని నిప్పుకణమువలె కనబడును. 940 నానోమీటర్ల దీపము కంటికి ఆనదు, దాని వెలుగు అంత దూరము పోదు. ఈ దీపమునకు పురుగులు చేరును. పురుగులకై సాలెపురుగు చేరును. కటకమునకు రెండంగుళముల ఎదుట అది అల్లిన ఒంటిదారము, ఆ వెలుగున చిత్రములో మోకంత లావుగా, తెల్లగా, అస్పష్టముగా ఈ చివర నుండి ఆ చివరకు ఊగుచుండును. గాలి వీచిన ప్రతిమారును ఒక చిత్రము. దీనికి ప్రోగ్రాములో మందు లేదు. వారమునకొకమారు మెత్తని కుంచెతో తుడుచుటయు, దీపమును కెమెరా నుండి వేరుచేసి రెండు మూడు అడుగుల దూరమున కట్టుటయు తెలిసిన ఉపాయములు.

ఏ చిత్రమును దాచవలెననునదియు ఇచ్చటనే తేలవలెను. ఒక సంఘటనలో కదలిక మిక్కిలిగా కనిపించిన చిత్రమునొక్కదానినే దాచుమని చెప్పినచో చక్కని చిత్రము దొరకును; కాని ఏది మిక్కిలియో సంఘటన ముగిసినగాని తెలియదు, కదలిక ఆగి అరువది సెకండ్లు గడచినగాని సంఘటన ముగిసినట్లు మోషన్ భావింపదు. నెమలి చిత్రమునకు ఈ జాగు బాధకము కాదు. మోటారు షెడ్డు తలుపు విరుగుచున్నప్పుడు ఆ నిమిషమే సర్వస్వము. అట్టిచోట మొదటి చిత్రమును, అది ఎంత వంకరగా నున్నను, వెంటనే దాచి పంపునట్లు చేయుటయే తగును.

పంపు విధములు : బజారులో దొరకు సిద్ధమైన కెమెరాలలో చాలవానికి ఎఫ్‌టీపీ అను పురాతన మార్గము అమర్చియుండును. దీని తొలిరూపమును 1971 ఏప్రిలులో రచించినవాడు, కాన్పూరు ఐఐటీ తొలి తరగతి పట్టభద్రుడై అమెరికాలో మాసచూసెట్స్ విద్యాసంస్థలో చేరియుండిన అభయ్ భూషణ్ అనుట మనకు సంతోషకరమైన విషయము. కెమెరా మెనూలో సర్వరు చిరునామా, 21 అను పోర్టు సంఖ్య, పేరు, పాస్‌వర్డు, ఫోల్డరు ఇచ్చినచో పని ప్రారంభమగును. ఈ మార్గమున ఆజ్ఞలకు ఒక లంకెయు, చిత్రమునకు మరియొక లంకెయు వేర్వేరుగా ఏర్పడును. యాక్టివ్ పద్ధతిలో చిత్రపు లంకెను సర్వరే వెనుకకు కెమెరా వైపునకు తెరవవలెను. ఇంటి రౌటరు ఆ వచ్చినదానిని అపరిచితునిగా భావించి ద్వారము వద్దనే నిలిపివేయును. అందుచే పేరు, పాస్‌వర్డు సరియైనవని కెమెరా చూపుచున్నను చిత్రము మాత్రము చేరదు. పాసివ్ అను గడిని ఎన్నుకొనుటయు, సర్వరు వద్ద ఆ లంకెలకై కొన్ని పోర్టులను తెరచియుంచుటయు దీనికి విరుగుడు. ఎఫ్‌టీపీలో పాస్‌వర్డు దాపరికము లేక ప్రయాణము చేయుననునది పెద్దలోపము. కెమెరాకు శక్తి యున్నచో, 1995లో ఫిన్లాండులో తాతు ఇలోనెన్ రచించిన, పాస్‌వర్డును సంకేతలిపిలో దాచి పంపు ఎస్‌ఎస్‌హెచ్ పునాదిగా గల ఎస్‌ఎఫ్‌టీపీనే వాడవలెను.

రాస్‌బెరీ పై వంటి సొంత కూర్పులో స్వేచ్ఛ ఎక్కువ, బాధ్యతయు ఎక్కువే. మోషన్ ఒక చిత్రమును కార్డుపై వ్రాసి ముగించినంతనే మనము చెప్పిన ఆజ్ఞ నొకదానిని నడపును. ఆ ఆజ్ఞలోనే అప్‌లోడును ఇరికించుట అందరికిని తోచు మార్గము. ఇది సరికాదని మా యభిప్రాయము. ఇంటర్నెట్టు తెగియున్న క్షణమున ఆ ఆజ్ఞ విఫలమగును, మరల దానిని పిలుచువారు లేరు, చిత్రము కార్డుపై అనాథగా మిగిలిపోవును. పైగా పది చిత్రములు వరుసగా వచ్చినచో పది అప్‌లోడులు ఒక్కసారిగా బయలుదేరి సన్నని తీగపై ఒకదానినొకటి త్రొక్కుకొనును. ఆ ఆజ్ఞచే చేయింపవలసినది ఒక్కటే: ముగిసిన చిత్రమును, పంపవలసినవాని కొరకు ప్రత్యేకించిన ఫోల్డరునకు జరుపుట. ఒకే కార్డుపై ఒక ఫోల్డరు నుండి వేరొకదానికి జరుపుట క్షణములో పూర్తియగును. సగము జరిగినదను స్థితి దానికి లేదు. అందుచే ఆ ఫోల్డరులో కనబడునది ఏదైనను సంపూర్ణమైన చిత్రమేయని నమ్మవచ్చును.

పంపుటకు వేరొక ప్రోగ్రాము నిమిషమునకొకమారు లేచి ఆ ఫోల్డరును చూచును. 1996లో ఆండ్రూ ట్రిడ్జెల్, పాల్ మకెరాస్ అనువారు వెలువరించిన ఆర్‌సింక్ ఇందుకు ఎంతయు తగినది. అవతల చేరుచున్న ఫైలును అది మొదట ఒక మరుగుపేరుతో వ్రాసి, పూర్తియైన పిమ్మటనే అసలు పేరు పెట్టును. కావున అవతలివారికి సగము చిత్రము ఎన్నడును కనబడదు. పంపినవానిని ఇవతల తొలగింపుమని కోరినచో, సరిగా చేరినట్లు తెలిసిన ఫైలును మాత్రమే తొలగించును. మొదట చెప్పిన మూలసూత్రము ఇచ్చట ఆచరణలోనికి వచ్చినది: చేరిక తెలిసినగాని తొలగింపు లేదు. మూడు దినములు ఇంటర్నెట్టు లేకున్నను చిత్రములు ఫోల్డరులో కాచుకొనియుండి, లంకె కలిసిన నిమిషమున వరుసగా బయలుదేరును. ఒక విడత ముగియకముందే మరియొకటి లేవకుండ తాళము వేయుట మాత్రము మరువరాదు.

ఈ ప్రయాణమునకు పాస్‌వర్డునకు బదులు జంట తాళపుచెవులను వాడుట ఉత్తమము. రహస్యపుచెవి కెమెరాయందుండును, బహిరంగపుచెవి సర్వరునందుండును. ఐతే కెమెరాను ఎత్తుకొనిపోయినవానికి ఆ రహస్యపుచెవియు దక్కును. కనుక సర్వరునందు ఆ చెవికి ఒక్క ఫోల్డరులో వ్రాయు అధికారము దప్ప, చదువుటకు గాని, మరియొక ఆజ్ఞను నడపుటకు గాని అధికారము ఈయరాదు. చేరిన చిత్రములను సర్వరు తానే వెంటనే ఆ ఫోల్డరు నుండి వేరొక చోటికి జరిపి వేయవలెను. అట్లు చేయనిచో దొంగ తన చిత్రముపై అదే పేరుతో మరియొకదానిని పంపి తుడిచివేయగలడు.

పరిమాణమును ముందుగానే లెక్కించుకొనుట మంచిది. ఒక్కొక్క చిత్రము 150 కిలోబైట్లు అనుకొని, దినమునకు 200 సంఘటనలు, సంఘటనకు మూడు చిత్రములు వచ్చుననుకొన్నచో దినమునకు 90 మెగాబైట్లు, నెలకు 2.7 గిగాబైట్లు అగును. సామాన్యమైన సిమ్ కార్డు దీనిని భరించును. అదే కెమెరా ఎదుట ఒక అరటాకు గాలికి గంటసేపు ఊగగా, సెకండునకు ఐదు చిత్రముల చొప్పున 18,000 చిత్రములు పంపినచో, నెల పంపవలసిన 2.7 గిగాబైట్లును ఆ యొక్క గంటలో ముగియును. గుర్తించుటలోని అజాగ్రత్తకు పంపుట వద్ద వెల చెల్లింపవలసివచ్చును.

కాలమును గూర్చి ఒక ముఖ్యవిషయము. చిత్రములకు తేదీ, గంట, నిమిషము, సెకండులతో పేరు పెట్టుట ఆచారము. రాస్‌బెరీ పై ఐదవ తరమునకు ముందటి వానిలో కరెంటు పోయినను నడచు గడియారము లేదు; కరెంటు వచ్చినప్పుడు అవి ఇంటర్నెట్టును అడిగి కాలము తెలిసికొనును. ఇంటర్నెట్టు వచ్చుటలో ఆలస్యమైనచో, కరెంటు పోవుటకు ముందెప్పుడో గుర్తుంచుకొన్న గంటతో మరల బ్రదుకు ప్రారంభించును. అప్పుడు గడచిపోయిన నిమిషములు రెండవమారు వచ్చి, పాత చిత్రపు పేరే కొత్తదానికి పడి, పాతది చెరిగిపోవుటకును వీలున్నది. కరెంటు కోతలు గల పల్లెలో బ్యాటరీతో నడచు చిన్న గడియారపు బిళ్లను తగిలించుట అలంకారము కాదు, ఆవశ్యకము. న్యాయస్థానమునకు పోవలసిన చిత్రమునకు ఈ శ్రద్ధ మరింత అవసరము: 2024 జూలై 1 నుండి అమలులోనున్న భారతీయ సాక్ష్య అధినియమము 63వ సెక్షను ప్రకారము ఎలక్ట్రానిక్ దస్తావేజునకు ధ్రువపత్రము జతపరుపవలెను, అందు ఫైలుయొక్క హ్యాష్ విలువను, అనగా ఫైలు ఏమాత్రము మారినను తానును మారు గుర్తుసంఖ్యను, చూపవలెను. చిత్రము సర్వరునకు చేరిన వెంటనే ఆ విలువను లెక్కించి వ్రాసియుంచుట సులభము.

రక్షణ : 2016లో మిరాయి అను దుష్ట ప్రోగ్రాము, ఫ్యాక్టరీలో పెట్టిన పేర్లు పాస్‌వర్డులు అరువది పైచిలుకు జతల పట్టికను చేతబట్టి, లోకమునందలి కెమెరాల తలుపులు తట్టి లక్షల కొలది యంత్రములను లోబరచుకొనినది, ఆ యేడు అక్టోబరు 21న వాని దాడివలన పేరుమోసిన వెబ్‌సైట్లు గంటల తరబడి మూగవోయినవి. కెమెరా కొన్న దినముననే పాస్‌వర్డు మార్చుట కనీసధర్మము. చిత్రములను తానే బయటికి పంపు కెమెరాకు, బయటినుండి లోనికి వచ్చుటకై రౌటరులో ఏ తలుపును తెరువనక్కరలేదు. ఇంటినుండి దూరమున కూర్చుండి ప్రత్యక్షముగా చూడవలెనని తలుపు తెరచి పెట్టుకొను పద్ధతికంటె ఈ విషయమున స్వయంప్రేషణము శ్రేష్ఠమైనది. పొరుగువారి గడపయు, వారి స్నానపు దొడ్డియు మన చిత్రములో పడకుండ కెమెరాను త్రిప్పుట మన విధి. త్రిప్ప వీలుకానిచో ఆ భాగమును చిత్రములోనే మరుగుపరుపవలెను. మునుపు చెప్పిన ముసుగు ఆ తావున కదలికను ఉపేక్షించునే గాని చిత్రములో దానిని కప్పదు. ఈ భేదమును గమనింపక తాము పొరుగువారిని కాపాడితిమని భ్రమించువారున్నారు.

కట్టిన కెమెరాను పరీక్షించు తీరు ఇది. ఇంటర్నెట్టు తీగను ఒక పూట ఊడదీసి, కెమెరా ఎదుట నిమిషమునకు మించిన ఎడమిచ్చుచు ఇరువది మారులు నడచి, సాయంకాలము మరల తగిలించి, అవతల చేరిన సంఘటనలు ఇరువదియగునో కావో లెక్కింపవలెను. పిమ్మట చిత్రములు పోవుచుండగా కరెంటును తీసివేసి చూడవలెను. ఇక మిగిలినది మౌనమును గూర్చిన చిక్కు. మూడు దినములుగా ఒక్క చిత్రమును రాలేదన్నచో, పొలములోనికి ఎవరును రాలేదని అర్థమో, కెమెరాయే మరణించినదని అర్థమో ఇంటివద్ద కూర్చున్న రైతునకు తెలియదు. ఇందుకై కదలికతో నిమిత్తము లేక నిర్ణీతకాలమునకు ఒక చిత్రమును తీయు సదుపాయము మోషన్‌లో కలదు. 21,600 సెకండ్లని వ్రాసినచో ఆరుగంటలకొకటి చొప్పున దినమునకు నాలుగు వచ్చును. సర్వరు వైపున, ఏడుగంటలు గడచియు అట్టి చిత్రము చేరనిచో రైతు ఫోనునకు ఒక సందేశము పంపునట్లు ఏర్పరుపవలెను. ఆ నాలుగు చిత్రములలో సామాన్యముగా ఏమియు ఉండదు: ఉదయమున మంచు పట్టిన మోటారు స్టార్టరు పెట్టె, మధ్యాహ్నమున దాని నీడ, సాయంకాలమున గట్టుమీది తుమ్మచెట్టు, అర్ధరాత్రమున పరారుణపు వెలుగులో పాలిపోయిన షెడ్డు గోడ.